ఎండిన గుండెకు విత్తనం దొరుకుతుందా?

కర్నూలు, కడప వైపు పిల్లలకు కె.సి. కాలువ సంగతి నేను చెప్పనక్కర లేదు. తక్కిన జిల్లాల వాళ్ల కోసం రెండు మాటలు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి, కర్నూలులో హంద్రీ నదిని అక్విడక్టు మీదుగా దాటి, నంద్యాల ప్రాంతం గుండా కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు పోయే కాలువ అది. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ దాన్ని తవ్వించింది. కంపెనీకి నష్టాలే మిగిలాయి. చివరికి 1882లో ప్రభుత్వం కొనేసింది. అది వేరే కథ, మరోసారి చెప్పుకోవచ్చు.

ఇప్పుడు మనకు కావలసింది ఇది. పెద్ద కాలువ నుంచి పిల్లకాలువలు చీలతాయి. వాటి నుంచి చిన్న చిన్న బోదెలు చీలి ఒక్కొక్క చేనుకూ నీళ్లు అందిస్తాయి. ఒక పిల్లకాలువ మొదట్లోనే పూడిక పడి మూసుకుపోయిందనుకోండి. పక్క చేలన్నీ పచ్చగానే ఉంటాయి. దాని కింద ఉన్న చేను మాత్రం వాడిపోతుంది. రైతు పరుగున వెళ్లి అదే పూట పూడిక తీయించాడా, పైరు తేరుకుంటుంది. పది రోజులు ఆలస్యం చేశాడా, నీళ్లు వచ్చి చేను తడుస్తుంది గాని, ఎండిన పైరు మళ్లీ లేచి నిలబడదు.

గుండెపోటు అంటే ఇంచుమించు ఇదే.

గుండెకూ దాహం వేస్తుంది

మీ పిడికిలి బిగించి చూడండి. మీ గుండె సుమారుగా అంత ఉంటుంది. రోజుకు దాదాపు లక్ష సార్లు ముడుచుకుని, వదులై, ఒళ్లంతటికీ నెత్తురు తోడి పోస్తుంది. ఇందులో ఒక తమాషా ఉంది. ఎప్పుడూ నెత్తురుతో నిండి ఉండే గుండె, ఆ నెత్తురును తిన్నగా తాగలేదు. దాని గోడలు మందం. లోపలి గదుల్లో ఉన్న నెత్తురు ఆ గోడల్లోకి ఇంకదు. అందుకని గుండె నుంచి బయటికి వచ్చిన మహాధమని మొదట్లోనే రెండు ధమనులు చీలి, వెనక్కి తిరిగి, గుండె పైభాగాన్ని కిరీటంలా చుట్టుకుని, కొమ్మలు కొమ్మలుగా కండరంలోకి దిగుతాయి. వీటిని కరోనరీ ధమనులంటారు. గుండెకు ఇవే పిల్లకాలువలు.

ఏళ్ల తరబడి ఈ ధమనుల గోడల్లో కొవ్వు పేరుకుంటుంది. పొగాకు, చక్కెర జబ్బు, రక్తపు పోటు దీనికి తోడవుతాయి. ఒకనాడు ఆ కొవ్వు గడ్డ పైపొర పగులుతుంది. పగిలిన చోట నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. దాని కింది కండరానికి ప్రాణవాయువు అందదు. ఇరవై నిమిషాలు దాటేసరికి కణాలు చావటం మొదలవుతుంది. కొద్ది గంటల్లో ఆ భాగం చాలావరకు పోతుంది.

ఎన్ని కణాలంటారా? గుండెలో పెద్ద పని చేసేది ఎడమ జఠరిక. అందులో 200 నుంచి 400 కోట్ల కండర కణాలుంటాయని అంచనా. ఒక పెద్ద గుండెపోటులో 100 కోట్ల దాకా పోవచ్చు. మన దక్షిణాసియా వాళ్లకు ఇది త్వరగా వస్తుంది కూడా. అనేక దేశాల రోగులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు దక్షిణాసియాలో 53 ఏళ్లు, తక్కిన దేశాల్లో దాదాపు 59 ఏళ్లు అని తేలింది. అంటే, మీ నాన్న వయసు వాళ్లు.

అందుకే వైద్యులు గడియారం చూస్తూ పని చేస్తారు. గడ్డను కరిగించే మందును సూదితో ఎక్కిస్తారు. లేదా ధమనిలోకి సన్నని గొట్టం పంపి, బుడగతో దారి వెడల్పు చేసి, స్టెంటు అనే చిన్న లోహపు జాలీ పెడతారు. పెద్ద ఆసుపత్రి దూరంగా ఉన్న పల్లెల కోసం 2023లో ఆంధ్రప్రదేశ్‌లో స్టెమీ అనే కార్యక్రమం మొదలైంది. దగ్గరి చిన్న ఆసుపత్రిలోనే ఇ.సి.జి. తీసి, పెద్ద ఆసుపత్రిలోని గుండె వైద్యుడికి పంపి, ఆయన సలహా మీద గడ్డ కరిగించే సూది మందు అక్కడికక్కడే ఇవ్వటం దీని పద్ధతి. మన దగ్గర ఇంకా పెద్ద శత్రువు ఏమిటో తెలుసా? సోడా! గుండెల్లో బరువుగా ఉందనగానే "గ్యాసు పట్టిందిలే, సోడా తాగి పడుకో" అంటారు. ఆ పడుకున్న రెండు మూడు గంటల్లోనే కోట్ల కణాలు పోతాయి. ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే 108కి ఫోను చేయవలసింది మీరే కావచ్చు.

నాపరాయి అతుకు

సరే, రోగి బతికాడు. చచ్చిపోయిన కండరం సంగతేమిటి?

శరీరం దాన్ని అలా వదిలేయదు. చచ్చిన కణాలను తీసేసి, ఆ చోట గట్టి నార కణజాలంతో మచ్చ కడుతుంది. ఇంటి గోడకు బొక్క పడితే ఎర్రగుంట్ల వైపు నుంచి తెచ్చిన నాపరాయి అడ్డం పెట్టినట్టన్నమాట. ఆ అతుకు లేకపోతే గోడ పగిలి మనిషి అక్కడికక్కడే పోతాడు, కాబట్టి అతుకును తక్కువ చేయకూడదు. అయితే నాపరాయి ముడుచుకోదు. తక్కిన కండరమే దాని వంతు పని కూడా మోయాలి. మోసి మోసి ఏళ్లు గడిచేసరికి గుండె సాగి పెద్దదవుతుంది, బలం తగ్గుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కాళ్ల వాపు, పడుకుంటే ఊపిరాడకపోవటం మొదలవుతాయి.

చర్మం తెగితే కొత్త చర్మం వస్తుంది. కాలేయంలో సగానికి పైగా కోసి తీసేసినా మళ్లీ పెరుగుతుంది. గుండె ఎందుకు పెరగదు? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన తీరు వింతైనది. 1950లలో, 1960ల మొదట్లో అగ్రరాజ్యాలు బహిరంగంగా అణుబాంబులు పేల్చి చూశాయి. దాంతో గాలిలో కార్బన్-14 అనే పరమాణువులు హఠాత్తుగా పెరిగిపోయాయి. 1963 ఒప్పందం తరువాత అవి మెల్లగా తగ్గుతూ వచ్చాయి. మనం తినే మొక్కలు గాలిలోని కార్బన్‌ను తీసుకుంటాయి కదా! కాబట్టి ఒక కణం పుట్టినప్పుడు దాని డి.ఎన్.ఎ.లో ఆ ఏటి కార్బన్ ముద్ర పడుతుంది. ఆ ముద్రను చదివితే కణం పుట్టిన సంవత్సరం తెలిసిపోతుంది. స్వీడన్‌లో యోనాస్ ఫ్రిసెన్ బృందం ఇలాగే మనుషుల గుండె కణాల వయసు లెక్కకట్టి 2009లో ప్రచురించింది. 25 ఏళ్ల వయసులో ఏడాదికి నూటికి ఒక్క కణం కొత్తది వస్తుంది. 75 ఏళ్లకు అది అరకన్నా తక్కువ. అంటే మీ తాతగారి గుండె కండరంలో సగానికి పైగా కణాలు ఆయన పుట్టినప్పటి నుంచి కొట్టుకుంటున్నవే!

నూటికి ఒకటి. సున్నా కాదు గాని, 100 కోట్ల నష్టం పూడ్చటానికి ఏ మూలకూ చాలదు.

కొన్ని జీవులు ఈ విషయంలో మనకన్నా ఘనులు. మన దేశపు వాగుల్లో, వరిపొలాల్లో తిరిగే వేలెడంత జీబ్రా చేపను తీసుకోండి. దాని జఠరికలో ఐదో వంతు కోసేసినా రెండు నెలల్లో కొత్త కండరం పెంచుకుంటుందని 2002లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపించారు. అప్పుడే పుట్టిన చిట్టెలుక కూడా ఈ పని చేయగలదు. వారం రోజులు నిండేసరికి ఆ విద్య మరిచిపోతుంది. 2011లో ఈ సంగతి బయటపడింది.

మూలుగలో విత్తనాలు

మన గుండె తనంతట తాను మొలకెత్తకపోతే, బయటి నుంచి విత్తనం తెచ్చి నాటితే? ఈ ఆలోచన వచ్చినప్పుడు శాస్త్రజ్ఞుల కళ్లు మొదట మూలుగ మీద పడ్డాయి. ఎముకల లోపల మెత్తగా ఉండే మూలుగలో మూలకణాలుంటాయి. అవి రోజూ కోట్ల కొద్దీ కొత్త రక్తకణాలను పుట్టిస్తాయి. రక్తాన్ని పుట్టించేవి గుండె కండరాన్ని పుట్టించలేవా?

2001లో అమెరికాలో పియెరో అన్వెర్సా బృందం సంచలనం రేపింది. గుండెపోటు తెప్పించిన ఎలుకల్లో మూలుగ కణాలు ఎక్కిస్తే, దెబ్బతిన్న చోట సగానికి పైగా కొత్త కండరం వచ్చిందని వాళ్లు ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో రోగులకు ఈ చికిత్స చేయటం మొదలైంది. ఎలుక నుంచి మనిషికి ఇంత వేగంగా వచ్చిన చికిత్సలు తక్కువ. వేగానికి కారణం లేకపోలేదు. రోగి సొంత మూలుగ కాబట్టి శరీరం తిప్పికొట్టదు. తీయటమూ తేలికే.

మన దేశంలో ఈ పనికి ముందుకు వచ్చినవారిలో ఒక తెలుగాయన ఉన్నారు. పనంగిపల్లి వేణుగోపాల్ 1942లో రాజమండ్రిలో పుట్టారు. పదిహేడేళ్ల వయసులో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో చేరి, అక్కడే గుండె శస్త్రవైద్యుడై, తరువాత ఆ సంస్థకే డైరెక్టరయ్యారు. 1994 ఆగస్టు 3న భారతదేశంలో మొట్టమొదటి విజయవంతమైన గుండె మార్పిడి చేసింది ఆయనే. అయితే గుండె మార్పిడికి చనిపోయిన మరో మనిషి గుండె కావాలి. అవసరమున్నవాళ్లు వేలమంది, దొరికే గుండెలు బహు కొద్ది. ఆ లెక్క ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు? 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో ఆయన నాయకత్వంలోని బృందం రోగుల సొంత మూలుగ కణాలను వారి గుండెల్లో ఎక్కించి చూడటం మొదలుపెట్టింది. ఆయన 2024లో కన్నుమూశారు.

అదే సంస్థ గుండె వైద్యులు 2006లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అందులో రోగులు 44 మంది. వీళ్లది గుండెపోటు కాదు, గుండె సాగి బలహీనపడే మరో జబ్బు. 24 మందికి కణాలు ఎక్కించారు, 20 మందికి మామూలు మందులే. గుండె ఒక్కొక్క దెబ్బకు తనలోని నెత్తురులో ఎంత భాగాన్ని బయటికి నెడుతుందో కొలుస్తారు. ఆరోగ్యవంతుల్లో ఇది నూటికి 60 దాకా ఉంటుంది. కణాలు పొందినవారిలో అది నూటికి 5 దాకా పెరిగింది. బలహీనపడిన గుండెకు అది చిన్న మెరుగు కాదు. ఆశ పుట్టటం సహజం.

పక్క మడి సంగతి చూడండి

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మీ ఊళ్లో ఒక రైతు కొత్తరకం బుడ్డల విత్తనం తెచ్చి చేనంతా వేశాడు. పంట బాగా పండింది. "విత్తనం గొప్పది" అన్నాడు. కాని ఆ ఏడు వానలు కూడా బాగా పడ్డాయే! గొప్పతనం విత్తనానిదా, వానదా? తేల్చాలంటే అదే చేలో, అదే రోజు, పక్క మడిలో పాత విత్తనం వేసి చూడాలి. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలో గాని, మరెక్కడ గాని చేసేది ఇదే. ఒక మడి చాలదు, చాలా మళ్లు కావాలి. ఏ మడిలో ఏది వేయాలో చీట్లు తీసి నిర్ణయించాలి, లేకపోతే మన ముచ్చట ఉన్న విత్తనాన్ని మంచి మడిలో వేసేస్తాం.

మనుషుల మీద పరీక్షలూ అంతే. మన దేశంలోనే ఐదు ఆసుపత్రులు కలిసి, అప్పుడే గుండెపోటు వచ్చిన 250 మందిని చీట్ల పద్ధతిలో రెండు గుంపులు చేశాయి. ఒక గుంపుకు మూలుగ కణాలు, రెండో గుంపుకు మామూలు చికిత్స. ఫలితాలు 2015లో వచ్చాయి. ఆరు నెలల తరువాత కణాలు పొందిన గుంపులో గుండె బలం నూటికి 5 దాకా పెరిగింది. భేష్! మరి రెండో గుంపులో? అందులోనూ దాదాపు 5!

చూశారా! రెండో గుంపు లేకపోతే మనం ఏమనుకుని ఉండేవాళ్లం? నా మట్టుకు నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా విలువైన గుంపు ఆ రెండోదే అనిపిస్తుంది. వాళ్లకు కొత్త మందేమీ అందలేదు. అయినా మనకు నిజం చెప్పింది వాళ్లే.

బయటి దేశాల్లోనూ ఇదే జరిగింది. జర్మనీలో 60 మందితో చేసిన పరీక్షలో ఆరు నెలలకు కనిపించిన తేడా, ఏడాదిన్నర గడిచేసరికి దాదాపు మాసిపోయింది. ఐరోపాలో 3,000 మందితో తలపెట్టిన పెద్ద పరీక్షకు 375 మందే దొరికారు. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో రెండేళ్ల మరణాలు కణాల గుంపులో నూటికి 3.26, మామూలు గుంపులో 3.82. అంత చిన్న తేడాతో ఏమీ తేల్చలేము. మామూలు గుంపులోనే మరణాలు ఇంత తక్కువగా ఉండటం గమనించారా? దారి త్వరగా తెరిచే వైద్యం అంత బాగుపడిందన్నమాట.

అసలు తప్పెక్కడ జరిగింది? 2004లోనే అమెరికాలోని రెండు ప్రయోగశాలలు ఒక హెచ్చరిక చేశాయి. ఎలుకల్లో మూలుగ కణాలకు చెరగని గుర్తు పెట్టి వెంబడిస్తే, అవి గుండె కండరంగా మారనే లేదు. రక్తకణాలుగానే ఉండిపోయాయి. జొన్న విత్తి వరి కోయాలనుకున్నట్టయింది! ఎక్కించిన కణాల్లో చాలావరకు కొద్ది రోజుల్లోనే కొట్టుకుపోతాయని కూడా తెలిసింది. ఎక్కడైనా కాస్త మేలు జరిగితే అది ఆ కణాలు విడిచే రసాయనాల వల్లనేమోనని ఇప్పుడు అనుకుంటున్నారు. తాలు విత్తనమైనా చేలో కుళ్లి ఎరువయినట్టు.

ఇంకా చేదు సంగతి ఒకటి ఉంది. గుండెలోనే మూలకణాలున్నాయని అన్వెర్సా బృందం తరువాతి కాలంలో ఎన్నో వ్యాసాలు రాసింది. ఇతరులు చేసి చూస్తే ఆ ఫలితాలు రాలేదు. 2018లో హార్వర్డ్ వైద్య కళాశాల, దాని అనుబంధ ఆసుపత్రి విచారించి, తప్పుడు లెక్కలు, కల్పించిన అంశాలు ఉన్నందున ఆ ప్రయోగశాల నుంచి వెలువడిన 31 వ్యాసాలను వెనక్కి తీసుకోవలసిందని పత్రికలను కోరాయి. ఈలోగా ఎందరో యువ పరిశోధకులు ఆ దారిలో ఏళ్లు పోగొట్టుకున్నారు. ఎందరో రోగులు తమ గుండెలను ప్రయోగానికి అప్పగించారు.

రెండెకరాల ప్రశ్న

ఇదంతా ఎక్కడో జరిగిన గొడవ, మనకేమిటి అనుకోకండి. "మూలకణాలతో ఏ జబ్బయినా నయం" అనే ప్రకటనలు మన దాకా వస్తూనే ఉన్నాయి. సూదికి లక్షలు అడుగుతారు. వర్షాధారపు చేలు తప్ప వేరే ఆస్తి లేని కుటుంబం, ఇంటిపెద్ద ఆయాసపడుతుంటే చూడలేక రెండెకరాలు అమ్మటానికి సిద్ధపడుతుంది. ఇంట్లో పెద్ద చదువు చదువుతున్నది మీరే అయితే, ఆ కరపత్రం మీ చేతికే ఇచ్చి చదివి చెప్పమంటారు.

అప్పుడు మీకు పనికివచ్చే విషయం ఇది. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శక సూత్రాల ప్రకారం, మూలుగ మార్పిడితో నయమయ్యే కొన్ని రక్త సంబంధమైన జబ్బులు వగైరా తప్ప, మూలకణాలను మామూలు చికిత్సగా అమ్మకూడదు. అనుమతి పొందిన పరీక్షల్లోనే వాడాలి. ఆ పరీక్షల్లో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. గుండెపోటు ఆ మినహాయింపుల్లో లేదు. కాబట్టి "ఇది పరీక్షా, చికిత్సా? పరీక్షయితే డబ్బెందుకు? రెండో గుంపు ఎక్కడ?" అని అడగండి. చాలాచోట్ల సంభాషణ అక్కడితోనే ముగుస్తుంది.

అసలైన విత్తనం కోసం

మూలుగ విత్తనం పనికిరాకపోతే, గుండె కండరపు విత్తనమే తయారుచేయవచ్చు కదా? ఇది 2006 తరువాత సాధ్యమైంది. ఆ సంవత్సరం జపాన్‌లో షిన్యా యమనాకా, ఎలుక చర్మపు కణాల్లోకి నాలుగు జన్యువులు పంపి, వాటిని ఏ కణంగానైనా మారగల లేత స్థితికి వెనక్కి నడిపించాడు. మరుసటి ఏడాది మనిషి కణాలతోనూ చేసి చూపించాడు. 2012లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ లేత కణాలకు తగిన క్రమంలో తగిన రసాయనాలు అందిస్తే గుండె కండర కణాలవుతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే, గాజు పళ్లెంలో ఏ గుండెకూ చెందని కణాలు తమంతట తాము టకటక కొట్టుకుంటూ ఉంటాయి!

పళ్లెంలో కొట్టుకోవటం ఒక ఎత్తు, గుండెలో నాటటం మరో ఎత్తు. 2014లో అమెరికాలో మనిషి మూలకణాల నుంచి తయారైన 100 కోట్ల గుండె కణాలను కోతుల గుండెల్లోకి ఎక్కించారు. ఈసారి నిజమైన కండరమే పెరిగింది. కాని కొత్త కణాలు తమ తాళానికి తాము కొట్టుకోవటంతో గుండె లయ తప్పింది. చెక్కభజనలో కొత్తగా చేరినవాడు తాళం తప్పితే పాట పాడవుతుంది, అంతే. గుండె లయ తప్పితే ప్రాణం పోవచ్చు.

అందుకని కొందరు కణాలను లోపలికి గుచ్చటం మాని, ముందే కండరపు పొరగా పెంచి గుండె పైన అతికిస్తున్నారు. జపాన్‌లోని ఒసాకాలో 2020 జనవరిలో ఇలాంటి పలుచని పొరను మొదటి రోగికి అతికించారు. జర్మనీలో గోటింగెన్ నగరపు పరిశోధకులు మరికాస్త మందమైన అతుకులు తయారుచేశారు. మొదట కోతుల్లో పరీక్షించారు. నెలల తరబడి అతుకు బతికింది, గుండె గోడ మందమైంది, లయ తప్పలేదు. తరువాత, గుండె మార్పిడి కోసం ఎదురుచూస్తున్న 46 ఏళ్ల ఒక మహిళ గుండెకు, సుమారు 40 కోట్ల కణాలున్న అతుకులు కుట్టారు. ఇవి ఇతరుల కణాలు కాబట్టి శరీరం తిప్పికొట్టకుండా మందులు వాడవలసి వచ్చింది. దాదాపు మూడు నెలలకు ఆమెకు వేరే గుండె దొరికింది. తీసేసిన పాత గుండెను కోసి చూస్తే, అతికించిన కండరం బతికే ఉంది. దానిలోకి రక్తనాళాలు కూడా పాకి ఉన్నాయి. ఆ కండరం నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల గుండె కండరంలా ఉందని పరిశోధకులు చెప్పారు. ఈ ఫలితాలు 2025 జనవరిలో వెలువడ్డాయి. అప్పటికి ఆ పరీక్షలో 15 మందికి అతుకులు వేశారు. అతుకు నిజంగా బరువు మోయటం మొదలుపెట్టాలంటే మూడు నుంచి ఆరు నెలలు పడుతుందని వాళ్ల అంచనా. అతుకు వేసినవాళ్లను, వేయనివాళ్లను పక్కపక్కన పెట్టి చూసే పెద్ద పరీక్ష ఇక జరగవలసి ఉంది.